ఇంటిల్లిపాదీ వేసుకోవాల్సిన బిళ్ళ

కాశీబుగ్గలో మా మందుల షాపుకొచ్చి నులిపురుగుల బిళ్ళ కావాలని తిన్నగా అడిగిన మనిషిని నేనింతవరకూ చూడలేదు. షుగర్ మందు అడుగుతారు, గుండె మందు అడుగుతారు, పక్కన జనం ఉండగానే మొలల మందు కూడా అడుగుతారు. ఇదొక్కటి మాత్రం అడగరు. కౌంటరు చివరికి జరిగి, మిగతావాళ్ళు వెళ్ళేదాకా పౌడర్ డబ్బాల మీద అక్షరాలు చదువుతూ నిలబడి, "పాప రాత్రిళ్ళు పళ్ళు కొరుకుతోందండీ" అంటారు. "బాబు సరిగ్గా అన్నం తినట్లేదండీ" అంటారు. చివరికి నేనే అడగాలి, వెనక దురద పెడుతోందా అని. అడగ్గానే నేనేదో వాళ్ళ వంశాన్ని తిట్టినట్టు మొహం పెట్టి, "మా ఇంట్లో అలాంటివేం లేవండీ, పక్కింటి పిల్లలతో ఆడి తెచ్చుకున్నాడు" అంటారు. పక్కింటావిడ అంతకుముందే వచ్చి ఇదే మాట వీళ్ళ గురించి చెప్పి వెళ్ళుంటుంది.

అప్పుడు నేను నా పాఠం మొదలుపెడతాను. ఈ బిళ్ళ నమిలి మింగాలి. రెండు వారాలాగి మళ్ళీ ఒకటి నమలాలి. దురద ఉన్నా లేకపోయినా ఇంట్లో అందరూ ఒకే రోజు వేసుకోవాలి. మరీ చంటిపిల్లలుంటే, కడుపుతో ఉన్నవాళ్ళుంటే డాక్టర్ని అడగాలి. గోళ్ళు కత్తిరించాలి, దుప్పట్లు వేడినీళ్ళలో ఉతకాలి, పొద్దున లేవగానే పిల్లకి స్నానం చేయించాలి. పురుగు గుడ్లు గోళ్ళలో ఉంటాయి, పక్కబట్టల్లో ఉంటాయి, కంటికి కనపడవు. అన్నిటికీ బుద్ధిగా తలూపుతారు. అంతా అయ్యాక, "సరేనండీ, ఒక్క బిళ్ళ ఇవ్వండి" అంటారు. ఇంట్లో ఎంతమందని అడిగితే అయిదుగురో ఆరుగురో అంటారు. మరి ఒక్కటెందుకూ అంటే, "మాకేం లేవు కదండీ" అంటారు. నెల తిరక్కుండా అదే మనిషి వచ్చి, మీ మందు పనిచెయ్యలేదని నామీద విసుక్కుంటారు. నాకు కౌంటరు మీద తల బాదుకోవాలనిపిస్తుంది.

ఊరందరికీ ఇంత పాఠం చెప్పే నా కూతురికే నులిపురుగులు వచ్చాయి. రావడం వింత కాదు, ఒకటో తరగతి పిల్ల, బడికెళ్తుంది, మట్టిలో ఆడుతుంది. పోకపోవడం వింత. బిళ్ళ ఇచ్చాను. రెండు వారాలాగి మళ్ళీ ఇచ్చాను. పిల్ల నిద్రలో అటూ ఇటూ దొర్లుతూ, గోక్కుంటూ, ఏడుస్తూనే ఉంది. టార్చి వేసి చూస్తే తెల్ల దారప్పోగుల్లాంటివి కదులుతూ కనిపించాయి. మళ్ళీ మొదటినుంచి ఇచ్చాను. మళ్ళీ అదే.

నేను చెయ్యని పని లేదు. దుప్పట్లు ఉడకబెట్టాను. పిల్ల గోళ్ళు మొదలంటా కత్తిరించాను. బొమ్మలు కడిగాను, తలుపు గడియలు తుడిచాను, బాత్రూంలో మగ్గు మార్చాను. మా ఆయన టెక్కలిలో ఆఫీసు గుమస్తా, రోజూ బస్సులో వెళ్ళొస్తాడు. ఆయనకీ బిళ్ళ ఇస్తే, "నాకేటీ దురద లేదు కదా" అన్నాడు. సరిగ్గా మా షాపు కౌంటరు ముందు నిలబడ్డవాళ్ళ గొంతుతోనే అన్నాడు. ఆ రోజు నేను మాట్లాడిన మాటలకి ఆయన నీళ్ళు కూడా అడక్కుండా బిళ్ళ నమిలేశాడు. నేనూ నమిలాను. ఇంక మిగిలింది మా అత్తగారు.

మా అత్తగారిది ఉద్దానంలో సముద్రం ఒడ్డు ఊరు. కొన్నేళ్ళుగా మాతోనే ఉంటోంది. నేను షాపులో, మా ఆయన టెక్కలిలో ఉంటే పిల్లని పెంచింది ఆవిడే. పిల్లకి అన్నం కలిపి ముద్దలు పెట్టేది ఆవిడే, పక్కలో వేసుకుని పడుకునేది ఆవిడే. పిల్లకి ఉంటే ఆవిడకీ ఉండి తీరాలి, అది చెప్పడానికి ఫార్మసీ చదవక్కర్లేదు. కానీ ఆవిడకి బిళ్ళంటే భయం.

ఆ భయానికి కారణం ఇంట్లో అందరికీ తెలుసు. మా మావగారు సముద్రం మీద వేటకెళ్ళే మనిషి. వలలు లాగి లాగి నడుం పట్టేసేది, భుజాలు పట్టేసేవి. ఊళ్ళో కిరాణా కొట్లోనే నొప్పి బిళ్ళలు దొరికేవి. ఏళ్ళ తరబడి అవి మింగాడు. నా పెళ్ళికి ముందే కిడ్నీలు పోయి, కొన్నాళ్ళు డయాలసిస్ మీద ఉండి, పోయాడు. అక్కడ ఇంటికొకరికి అదే జబ్బు. ఎందుకొస్తోందో ఎంత పెద్దవాళ్ళూ తేల్చలేదు. నీళ్ళంటారు, నేలంటారు, ఎండంటారు. పెళ్ళి పందిట్లో కూర్చున్నా సరే, అక్కడి ఆడవాళ్ళు కూతుళ్ళ గురించీ కొడుకుల గురించీ అడిగాక, "మీ ఆయనకి ఎంతుంది?" అంటారు. అంటే రక్తంలో క్రియాటినిన్ ఎంత అని; అది ఒకటి చుట్టూ ఉంటే కిడ్నీలు బాగున్నట్టు, పెరిగేకొద్దీ పాడవుతున్నట్టు. ఇంకేం వివరం అక్కర్లేదు. వచ్చిన ప్రతి డాక్టరూ నొప్పి బిళ్ళలు మింగొద్దని చెప్పి వెళ్తాడు. అది మంచి మాటే. మా అత్తగారు దాన్ని అన్ని బిళ్ళలకీ వర్తింపజేసేసింది. జ్వరం వస్తే తడిగుడ్డ, దగ్గొస్తే మిరియాలు. నులిపురుగులకి వేపాకు ముద్ద, బెల్లం మానెయ్యడం. మా ఊళ్ళో కిడ్నీలకి రక్తపరీక్షల క్యాంపు పెట్టిన ప్రతిసారీ ఆవిడకి మందసలో ఉన్న చుట్టాలు గుర్తొస్తారు. బస్సెక్కి వెళ్ళిపోతుంది. క్యాంపు ఎత్తేశాక వస్తుంది.

నేనా, బిళ్ళలమ్మి బతికేదాన్ని. మా ఇద్దర్నీ ఒక ఇంట్లో పెట్టిన దేవుడికి వేళాకోళం ఎక్కువ.

"అత్తమ్మా, ఇది నొప్పి బిళ్ళ కాదు, కిడ్నీలకేం కాదు" అని ఎన్నిసార్లు చెప్పానో. "అలగే" అనేది. ఎదురు చెప్పకపోవడం చూసి, మాట ఎక్కిందనుకున్నాను. బిళ్ళ వెయ్యాల్సిన ఆదివారం సాయంత్రం షాపుకి వెళ్తూ, "అన్నం తిన్నాక పిల్లకొకటి నమిలించి, మీరూ ఒకటి నమలండి" అని రెండు బిళ్ళలూ ఆవిడ చేతిలో పెట్టేదాన్ని. ఇంటికొచ్చి అడిగితే, "నమిలీసింది, నానూ నమిలీసినాను" అనేది. పిల్లని అడిగితే అదీ తలూపేది.

ఈలోగా బడి నుంచి టీచరమ్మ ఫోన్ చేసింది. పాప తరగతిలో కుదురుగా కూర్చోవడం లేదు, కుర్చీకేసి రాసుకుంటోంది, మధ్యాహ్నానికల్లా బల్ల మీద తల పెట్టి నిద్రపోతోంది అంది. అక్కడితో ఆగితే బాగుండేది. "వేరే పిల్లల తల్లులు ఒకరిద్దరు అడుగుతున్నారు మేడమ్, అందుకే కొన్నాళ్ళు పాపని వెనక బల్ల మీద విడిగా కూర్చోబెడుతున్నాను" అంది. ఆ తల్లుల్లో ఒకావిడ ఎవరో నాకు తెలుసు. వారం కిందట పౌడర్ డబ్బాలు చదివి ఒక్క బిళ్ళ కొనుక్కెళ్ళిన మనిషే.

ఆ సాయంత్రం పిల్ల నా ఒళ్ళో కూర్చుని, "అమ్మా, నేను కంపు కొడతానా?" అని అడిగింది. లేదమ్మా అన్నాను. "మరి నా పక్కన ఎవరూ కూర్చోరేం?" అంది. నా కూతురు తోటిపిల్లల మధ్య కూర్చోవడం ఒక చిన్న బిళ్ళ మీద ఆధారపడి ఉంది, ఆ బిళ్ళలు పెట్టెల కొద్దీ నా షాపులో ఉన్నాయి, అయినా నా వల్ల కావడం లేదు. అంత కోపం, అంత ఏడుపు ఒకేసారి రావడం నాకదే మొదటిసారి. కోపం ఎవరిమీద చూపించాలో తెలియక మందు తయారుచేసిన కంపెనీని తిట్టాను. బ్యాచి పాడైందేమోనని డిస్ట్రిబ్యూటర్‌తో గొడవపడ్డాను. పాపం ఆయన, "మేడమ్, ఇంకెవరూ ఏం అనట్లేదండీ" అంటూ ఫోన్లోనే నీళ్ళు నమిలాడు.

అసలు సంగతి షాపులోనే బయటపడింది. బడి వదిలాక మా అత్తగారు పిల్లని షాపులో దింపి కూరలకి వెళ్ళింది. హరిశ్చంద్రపురం నుంచి ఎవరో ఒకావిడ వచ్చి, ఎప్పటిలాగే చుట్టూ తిరిగి, చివరికి బిళ్ళ కోసం చెయ్యి చాపింది. నేను పాఠం చెబుతున్నాను. స్టూలు మీద కూర్చున్న నా కూతురు మధ్యలో అందుకుని, "ఆంటీ, అది తినకండి, కిడ్నీలు పోతాయి" అంది. ఆవిడ ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది. "మా నానమ్మ నాకు తినిపించదు. దొడ్లో పారేస్తుంది. అమ్మ అడిగితే తిన్నానని చెప్పమంది" అని కూడా చెప్పింది, చక్కగా, బళ్ళో పద్యం అప్పజెప్పినట్టు.

ఆవిడ నావైపు, బిళ్ళవైపు మార్చి మార్చి చూసి, "మళ్ళీ వస్తానండీ" అని వెళ్ళిపోయింది. రాలేదు, రాదు కూడా. అప్పుడే మందు కొనడానికి వచ్చి నిలబడ్డ ఇద్దరు నా మొహంలోకి చూశారు. షట్టర్ సగానికి దించేశాను.

మా అత్తగారు వంకాయల సంచీతో వచ్చేసరికి నేను గుమ్మంలోనే నిలబడ్డాను.

"ఏటి చేశారు అత్తమ్మా మీరు? ఇన్నాళ్ళూ బిళ్ళలు పారేస్తున్నారా?"

ఆవిడ పిల్లవైపు చూసింది. అబద్ధమాడే ఓపిక కూడా లేనట్టు సంచీ కింద పెట్టి, "పారేసినాను" అంది.

"మీకేం అన్యాయం చేసింది అది? రాత్రంతా నిద్రలేదు, బళ్ళో విడిగా కూర్చోబెట్టారు, తెలుసా? దాన్ని అంటరానిదాన్ని చేశారు!"

"నిద్ర నేకపోతే పోతాది. ఇడిగా కూకుంటే కూకుంటాది. గుంట బతికుంటాది కదా!" అని ఆవిడా గొంతు పెంచింది.

"నులిపురుగుల బిళ్ళకి ఎవరూ చావరు. మందులు నేను చదువుకున్నాను, మీరు కాదు."

"మీ మావకి బిళ్ళలిచ్చినోడు కూడా ఏటీ అవదనే సెప్పినాడు" అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఓలమ్మా, నాకు సెప్పకు. మీ మావ అడక్కుండానే నానే ఇచ్చీదాన్ని. ఏట నుంచి రాగానే బిళ్ళా, సెంబుడు నీళ్ళూ అట్టుకుని ఒడ్డునే నిలబడీదాన్ని. మంచి పెళ్ళాన్నని అందరూ అనీవోరు. నా కొడుకు కూతురికి కూడా ఆలగే ఎట్టమంటే నాకు పేనం ఒప్పలేదు" అంది.

ఆ మాటకి నాకు జాలి వేసింది. నిజం చెప్పాలంటే జాలితోపాటు ఒళ్ళు మండింది కూడా. ఎంత పెద్ద దుఃఖమైనా కావచ్చు, నా కూతురి నిద్ర పాడుచెయ్యడానికి దానికేం హక్కుంది? కోపంలో, "అయితే ఏం చేస్తే నమ్ముతారు? రక్తం తీయించి చూపించమంటారా?" అన్నాను. వెటకారంగానే అన్నాను. ఆవిడ మాత్రం పట్టుకుంది.

"తీయించు. దానికి ఎంతుందో సూడు. బావుంటే అప్పుడు ఏసీ."

నులిపురుగుల బిళ్ళ వెయ్యడానికి ముందు ఆరేళ్ళ పిల్లకి క్రియాటినిన్ చూపించిన ఫార్మసిస్టు ఈ జిల్లాలో నేను తప్ప ఇంకొకరు ఉండరు. తోటివాళ్ళకి తెలిస్తే నవ్వుతారని తెలుసు. కానీ అప్పటికి నేను అలిసిపోయి ఉన్నాను. ఆ ఒక్క అంకెతో ఇంట్లో ఈ గోల చల్లారుతుందంటే అంతకన్నా ఏం కావాలి? మర్నాడు పొద్దున్నే ముగ్గురం మా షాపు వరసలోనే ఉన్న ల్యాబుకి వెళ్ళాం. అతను పరీక్ష పేరు విని నా మొహంలోకి చూశాడు గానీ, వెనక నిలబడ్డ మా అత్తగారిని చూసి ఏమీ అడగలేదు. అతని నాన్నదీ ఉద్దానమే.

సూది చూడగానే నా కూతురు ల్యాబు అదిరిపోయేలా ఏడ్చింది. బిస్కట్లన్నాను, బొమ్మన్నాను, చివరికి రెండు అంటించాను. చెయ్యి వెనక దాచుకుని గోడకి అతుక్కుపోయింది. "నానమ్మకి ముందు తీస్తే నేను తీయించుకుంటా" అంది.

నానమ్మకి తీయరమ్మా అన్నాను. క్యాంపుల సంగతి తెలిసిన నాకు అది ముగిసిపోయిన వ్యవహారమే అనిపించింది. ఇంటికి వెళ్దామని చెప్పులు వేసుకుంటున్నాను కూడా. మా అత్తగారు వచ్చి కుర్చీలో కూర్చుంది. గాజులు పైకి తోసుకుని చెయ్యి బల్ల మీద పెట్టి, "తియ్యి బాబూ. సూడే గుంటా, నొప్పెట్టదు" అంది. సూది దిగుతుంటే పిల్లని చూసి నవ్వుతూనే ఉంది. పిల్ల ముక్కు ఎగపీల్చుకుంటూ వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. ల్యాబతను ఆవిడ సీసా మీద కూడా పేరు రాస్తుంటే, "అదెందుకు, పారబొయ్యి" అంది ఆవిడ. "తీసిన రక్తం పారబొయ్యకూడదు పెద్దమ్మా" అన్నాడతను.

సాయంత్రం ల్యాబు నుంచి షాపుకి ఫోన్ వచ్చింది. మా అత్తగారు స్టూలు మీద, పిల్ల ఆవిడ ఒళ్ళో. పాపది బ్రహ్మాండంగా ఉంది మేడమ్ అన్నాడు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే ఆ మాట పైకి చెప్పాను. ఆవిడ పిల్లని దగ్గరికి లాక్కుని, తూర్పుకి, సముద్రం వైపుకి తిరిగి చేతులు జోడించింది. నేనూ నవ్వాను. చాలా రోజులకి నవ్వాను. ఈ పూటే అందరం బిళ్ళ వేసుకోవడం, రేపు దుప్పట్లు ఉడకబెట్టడం, సోమవారం బడికెళ్ళి ఆ టీచరమ్మతో మాట్లాడడం, అన్నీ మనసులో కుదురుతున్నాయి.

"మేడమ్, ఉన్నారా?" అన్నాడతను. "పెద్దమ్మది కూడా చేశాను. అనుమానమొచ్చి మళ్ళీ చేశాను."

అతను చెప్పిన అంకె విని ఫోన్ పెట్టేశాను.

"నాదెంత?" అంది మా అత్తగారు.

అంకె చెప్పకుండా తప్పించుకుందామని చూశాను. రేపు డాక్టర్ దగ్గరికి వెళ్దాం అత్తమ్మా, ఒక పరీక్షతో ఏం తెలుస్తుంది అన్నాను. ఆవిడ వినలేదు. "ఎంతే?" అంది మళ్ళీ. ఇంక దాచలేక చెప్పాను. మూడు దాటింది.

ఇంకో ఊరి మనిషైతే మూడంటే ఏమిటని అడిగేది. ఆవిడకి అక్కర్లేకపోయింది. మా మావగారికి మొదటిసారి చూసినప్పుడు ఎంతుందో, ఏడాదికి ఎంతకి పెరిగిందో ఆవిడకి తెలుసు. పిల్ల జడ విప్పి, మళ్ళీ మెల్లగా అల్లడం మొదలుపెట్టింది. "బిళ్ళలు మింగకుండానే వచ్చీసింది" అంది, నాతో కాదు, ఎవరితోనో అన్నట్టు.

నేను పట్టణంలో కిడ్నీ డాక్టర్‌కి ఫోన్ చేశాను. అంకె చెప్పాను, రేపు తీసుకొస్తానన్నాను. ఆయన ఇంకేవో అడిగాడు, చెప్పాను. చివర్లో, ఇంట్లో అందరికీ నులిపురుగుల బిళ్ళ వెయ్యాలండీ, ఆవిడకి వెయ్యొచ్చా అని అడిగాను. అడుగుతుంటే నాకే సిగ్గేసింది. వెయ్యొచ్చమ్మా, దానికేం ఇబ్బంది లేదన్నాడు.

ఫోన్ పెట్టేసరికి జడ అల్లడం అయిపోయింది. ఆవిడ రిబ్బన్ ముడివేసి, పిల్లని ఒళ్ళోంచి దించి, నాముందుకొచ్చి చెయ్యి చాపింది.

"అయితే నాకూ ఒకటి ఇయ్యే. ఇంక దేనికి బయం?"

ఆ మాట అనిపించడం కోసమే ఇన్నాళ్ళూ ఆవిడతో పోట్లాడాను. బిళ్ళలు నా ముందే ఉన్నాయి. అట్ట చింపడానికి నా వేళ్ళు కదల్లేదు. నా కూతురే స్టూలెక్కి, పెట్టెలోంచి ఒకటి తీసి, నానమ్మ అరచేతిలో పెట్టింది.